శుక్రవారపు దద్దుర్లు

హనుమాన్ జంక్షన్,
9-3-74

ఇందుమూలముగా హనుమాన్ జంక్షన్ మొదలు పామర్రు వరకు గల సమస్త జనులకు, వారి కోళ్ళకు, గేదెలకు తెలియజేయడమేమనగా: లారీ ఆఫీసు గుమాస్తా జక్కయ్య అను నేను, నలభై ఎనిమిదేళ్ళ వయసున, పూర్తి స్పృహలో ఉండి, ఈనాటి నుండి దురదగొండి కాయను నా చేతితో గాని, కర్రతో గాని, ఇతరుల చేతితో గాని ముట్టనని ప్రమాణం చేయుచున్నాను. నిద్రపోయేవారికి మీసాలు దిద్దుట కూడా నేటితో రద్దు. అభ్యంతరములున్నవారు ఊరుకోవలెను.

ప్రియమైన చెల్లెలు తెరేసమ్మకు,

నవ్వింది చాలు. పై ప్రకటన చర్చి గోడకు అంటిద్దామని రాశాను, ఫాదరుగారు చించేశారు. సంగతి విను. మార్తక్క పోయి రెండేళ్ళయినా ఇంకా ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచుకున్న మన బావ సొలొమోను మేష్టారు, కుట్టుపని టీచరు శౌరమ్మను చేసుకోవడానికి ఒప్పుకున్నాడు కదా. ఒప్పించేసరికి నా నాలుక అరిగి సగమైంది. పాస్కు పండుగ వెళ్ళగానే మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివించి, ఎవరి అభ్యంతరమూ లేకపోతే పెళ్ళి చేసేద్దామనుకున్నాం. ఇప్పుడది చెడేలా ఉంది.

పండుగ ముందు నలభై రోజుల తపస్కాలం కదా, శుక్రవారం సాయంత్రం పామర్రు చర్చిలో పద్నాలుగు స్థలాల సిలువమార్గం బావే చదువుతాడు. మొదటి శుక్రవారం నాలుగో స్థలం దగ్గర మెడ గోక్కున్నాడు. ఆరో స్థలానికి చేతుల నిండా దద్దుర్లు, చెవులు అప్పడాల్లా ఉబ్బాయి. నిన్న రెండో శుక్రవారం. మళ్ళీ అదే తంతు, ఈసారి ముఖం మీదికి కూడా పాకింది. మిగతా ఆరు రోజులూ మనిషి నున్నగా గుమ్మడికాయలా ఉంటాడు.

ఇంక చర్చిలో ముందు వరసలో కూర్చునే మన జీవరత్నమ్మ నోరు ఊరుకుంటుందా? "సిలువ ముందు నిలబడలేని సంగతి ఏదో ఉందమ్మా లోపల. మార్తమ్మకు ఈ పెళ్ళి ఇష్టం లేదు, పైనుంచి గిచ్చుతోంది" అంటోంది. శుక్రవారం కూర శౌరమ్మ వండి పంపుతుంది కాబట్టి ఇంకో మాట కూడా పుట్టింది. "ఆ చేతి కూర తిన్న మొదటి మొగుడు ఏమయ్యాడు?" అట. వాడు బందరు కాలవలో పడవ తిరగబడి పోయాడు. కూరకీ ఈత రాకపోవడానికీ ఏం సంబంధమో ఆవిడే చెప్పాలి.

శౌరమ్మ మాత్రం తిన్నగా నా మీదికే వచ్చింది. "జక్కయ్యగారూ, మేష్టారి లాల్చీలో ఏం చల్లారండీ? నిజం చెప్పండి, తిట్టను" అంది. తిట్టనని చెప్పి అరగంట తిట్టింది. తెరేసా, నీ మీద ఒట్టు. ఈసారి నేను కాదు. నలభై ఏళ్ళలో మొట్టమొదటిసారి నేను ఏ పాపం ఎరుగను, ఒక్కడూ నమ్మడం లేదు.

ఇట్లు,
నీ అన్న జక్కయ్య


భవానీపురం, విజయవాడ,
13-3-74

అన్నయ్యకు తెరేస నమస్కారాలు.

నేనూ నమ్మలేదు. ఎలా నమ్మమంటావు? బావగారికి ఒంగోలు బదిలీ అయిందని ఉత్తుత్తి టెలిగ్రాం ఇచ్చి, మార్తక్క చేత పాడిగేదెను అమ్మించిన మహానుభావుడివి నువ్వు. ఆ గేదె కోసం అక్క మూడు రోజులు అన్నం ముట్టలేదు. నీతో అక్కకు మాటలైతే ఆనాటితో సరి.

కానీ నర్సునై పదిహేనేళ్ళు వార్డులో తిరిగిన బుర్రతో మళ్ళీ చదివాను. దురదగొండి తగిలిన చోటే దురద పుడుతుంది. చెవులు ఉబ్బవు. పెదాలు ఉబ్బాయా? గొంతు బొంగురుపోయిందా? నవ్వులాట మాని నిజం రాయి. పెదాలూ గొంతూ కూడా ఉబ్బితే అది ఒంటి పైన చల్లింది కాదు, లోపలికి వెళ్ళింది. ఆ రెండు శుక్రవారాలూ బావగారు ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో కనుక్కో. శౌరమ్మను అడిగేటప్పుడు మర్యాదగా అడుగు. ఆవిడ పరిస్థితి ఎలా ఉందో నువ్వు ఆలోచించినట్టు లేదు.

తెరేస


హనుమాన్ జంక్షన్,
16-3-74

తెరేసా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అందగానే పామర్రు బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి బావ భోంచేసి చర్చిలో ఉన్నాడు.

తొమ్మిదో స్థలం. ప్రభువు మూడోసారి పడుట. బావ ఆ మాట చదవబోయాడు, గొంతు రాలేదు. పెదాలు చూస్తే ఉబ్బి గారెల్లా ఉన్నాయి. "గాలి..." అని మోకాళ్ళ మీద పడిపోయాడు. జనం ఏం చేశారనుకున్నావు? పాపం బయటపడుతోందని దణ్ణాలు పెట్టారు. నేను మాత్రం నీ ఉత్తరంలో గొంతు అన్న మాట తలుచుకుని, బావను రిక్షాలో పడేసి కాంపౌండరు వెంకటప్పయ్య దగ్గరికి ఉరికాను. ఆయన ఒకదాని వెంట ఒకటి సూదులు పొడిచాడు. కాసేపటికి బావకు ఊపిరి ఆడింది. నాకు ఆ తర్వాత చాలాసేపటికి ఆడింది.

ఇప్పుడు తిండి సంగతి. శుక్రవారం బావ ఒంటిపూట మనిషి. రెండు గంటలకు అన్నం, చేపల పులుసు. మాంసం ముట్టని రోజు కదా, అందుకని చేప. ఆ చేప ఎక్కడిదంటావా? కాకినాడ నుంచి ఐసులో వచ్చే సముద్రపు చేపలు, కానాగంతలు. మా జంక్షన్‌లో లారీ ఆగుతుంది, డ్రైవరు నా దోస్తు, బుట్టలోంచి నాలుగు తీసి ఇస్తాడు. నేను పామర్రు బస్సులో శౌరమ్మకు పంపిస్తాను. ఈ లారీ ఆఫీసులో చేరింది మొన్న శ్రావణంలో కాబట్టి, అంతకుముందు వాళ్ళు తిన్నవన్నీ కాలవ చేపలే.

అంటే కూర వండింది ఆవిడ, చేప పంపింది నేను. కానీ అదే పులుసు శౌరమ్మ తింది, ఆవిడ తల్లి తింది, అవే చేపలు ఇక్కడ నేనూ తిన్నాను. మాకెవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అందుకే చేప మీదికి ఎవరి అనుమానమూ పోలేదు.

అసలు దెబ్బ ఇప్పుడు చెప్తున్నాను. పొద్దున బావ లేచి ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి, "నా పెళ్ళి ప్రకటన చదవకండి స్వామీ, మార్త ఒప్పుకోవడం లేదు" అని చెప్పి వచ్చాడు. శౌరమ్మ ఏడవలేదు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పి, "నా చేతి కూర తిని ఇంకో మనిషి పోకూడదండీ" అంది. త్వరగా ఏదో ఒకటి చెప్పు.

జక్కయ్య


భవానీపురం,
20-3-74

అన్నయ్యా,

ఉత్తరం చదివిన వెంటనే మా డాక్టరు సాంబమూర్తిగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పుట్టి చేప ముట్టినవారు కాదు. ఎదురుగా మార్కెట్టు బుట్ట పోతే ముక్కు మూసుకుని వీధి మారతారు. అలాంటి మనిషి నేను చెప్పింది విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"చేప పడకపోతే కాలవ చేప కూడా పడకపోవచ్చు కదమ్మా. ఈయన యాభై ఏళ్ళు చేప తిని బాగానే ఉన్నాడంటున్నావు. అయితే చేపలో ఉన్నదేదో చూడాలి" అన్నారు. ఎక్కడో జపాన్‌లో సముద్రపు చేపలను పచ్చిగా తినేవాళ్ళకు అందులోని పురుగు కడుపులో చేరి బాధపెడుతుందని ఏదో పత్రికలో చదివారట. మనం ఉడికించే తింటాం కదండీ, పురుగు చచ్చిపోతుంది కదా అని అడిగాను. "చచ్చినా దాని ఒంట్లో సరుకు ఎక్కడికి పోతుంది? నల్లజీడి పొగ తగిలితేనే కొందరికి ఒళ్ళు ఉబ్బుతుంది, పక్కవాడికి ఏమీ కాదు. ఇదీ అలాంటిదేమో. నేను ఖాయంగా చెప్పలేను, చూడాలి" అన్నారు.

మొదట్లో ఒళ్ళు ఊరుకుని, తిన్న కొద్దీ పగబడుతుందట. ఈసారి తింటే ప్రాణానికే ముప్పన్నారు. కాబట్టి బావగారు సముద్రపు చేప వాసన కూడా చూడకూడదు. నువ్వు మాత్రం ఆ లారీ చేపను తీసుకుని, కడుగకుండా, కోసి చూడు. పేగుల చుట్టూ, పొట్ట దగ్గరి కండలో చూడు. ఏమైనా దొరికితే పంపు. శౌరమ్మకు నా మాటగా చెప్పు, ఆవిడ చేతిలో ఏ దోషమూ లేదు.

తెరేస


హనుమాన్ జంక్షన్,
24-3-74

చెల్లెమ్మా,

దొరికింది.

లారీ ఆఫీసు బల్ల మీద కాగితం పరిచి కానాగంతను కోశాను. మా ఖాతాదారు పాండురంగయ్యగారు, చేనేత చీరల బేళ్ళు బుక్ చేయడానికి వచ్చినాయన, తులసిమాల మనిషి, "ఏమిటయ్యా ఈ అఘాయిత్యం" అంటూనే నాకంటే ముందు వంగి చూశారు. పేగుల మీద తెల్లగా, సన్నగా, గడియారంలో స్ప్రింగులా చుట్ట చుట్టుకుని కూర్చున్నాయి దొరలు. మొదట నరమనుకున్నాను. సూదితో ఎత్తితే విప్పుకుని ఒళ్ళు విరుచుకుంది. పాండురంగయ్యగారు బేళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయారు.

ఇంకొకటి విను. డ్రైవరును అడిగితే, చేప చచ్చాక పొట్ట తీయకుండా ఐసులో ఉంచితే ఈ పురుగు పేగు వదిలి కండలోకి దూరుతుందట. వాడు చూశాడట. కండ చీల్చి చూశాను, నిజమే, అక్కడా ఉంది. మనం పొట్ట బాగుచేశామని మురిసిపోతాం, అది అప్పటికే లోపలి గదిలో మంచం వేసుకుంటుంది.

కొన్నిటిని తలనూనె సీసాలో సారా పోసి అందులో వేశాను. వేరుగా ఇంకొన్నిటిని ఉప్పునీళ్ళలో వేశాను. రెండు సీసాలూ రేపటి లారీలో వస్తాయి. సారా సీసా మీద విషం అని రాశాను, లేకపోతే డ్రైవరు పురుగులతో సహా తాగేస్తాడు.

ఇక్కడి వార్త మాత్రం నా ప్రాణం తీస్తోంది. నీ మాట ప్రకారం మొన్న శుక్రవారం బావకు పప్పన్నం పెట్టించాను. దద్దురు ఒక్కటీ లేదు, పద్నాలుగు స్థలాలూ గంటలా చదివాడు. దానికి జీవరత్నమ్మ ఏమందో తెలుసా? "చూశారా, పెళ్ళి మానుకోగానే శాంతించింది మార్తమ్మ." బావ ఆ మాట పట్టుకుని వేలాడుతున్నాడు. పథ్యం పనిచేసి మన కొంప ముంచింది. బావను నేను ఎలాగో విజయవాడ తోలుకొస్తాను. చర్చికి హార్మోణియం బేరం చూడాలని చెప్తాను. ఇది అబద్ధం కిందికి రాదు, ఒక హార్మోణియం చూపించి పంపు.

జక్కయ్య


భవానీపురం,
30-3-74

అన్నయ్యా,

మొన్న నువ్వు బావగారిని గుమ్మంలో దింపి లారీ వేళయిందని పారిపోయావు కాబట్టి నేను చూసిందంతా రాస్తున్నాను.

సాంబమూర్తిగారు ముక్కుకు రుమాలు కట్టుకుని, నీ ఉప్పునీళ్ళ పురుగులను ఉడకబెట్టించి, నూరించి, వడకట్టించారు. నూరింది నేను, మెచ్చుకోవాలి నువ్వు. పురుగు లేకుండా ఏరిన కానాగంత కండ ఒకటి, మన కాలవ కొరమీను ఒకటి అలాగే నూరాము. సూది మందు పక్కన సిద్ధంగా పెట్టుకుని, బావగారి ముంజేతి మీద మూడు చోట్ల చిన్న గీత గీసి ఒక్కొక్క చుక్క వేశారు. బావగారు కళ్ళు మూసుకుని జపమాల తిప్పుతున్నారు.

చేప చుక్క ఊరుకుంది. కొరమీను చుక్క ఊరుకుంది. పురుగు చుక్క మాత్రం మేము చూస్తుండగానే ఎర్రబడింది, పొంగింది, అర్ధరూపాయి బిళ్ళంత దద్దురై కూర్చుంది. డాక్టరుగారు రుమాలు లాగేసి, "చూశావా తెరేసమ్మా, చూశావా" అని నా భుజం కుదిపేశారు. వార్డులో ఉన్న నర్సులందరూ వచ్చి చూశారు. పక్క గది డాక్టర్లు వచ్చారు. బావగారి చేయి ఆ పూట ఎగ్జిబిషన్ అయింది. ఇంత ఉడికినా ఆ పురుగు ఇంత పని చేస్తుందా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

కొరమీను తినవచ్చు, సముద్రపు చేప మాత్రం ఈ జన్మకు వద్దు అని రాసి ఇచ్చారు. బావగారు అంతా విని, చేయి చూసుకుని, నెమ్మదిగా ఒక్క మాట అన్నారు.

"పురుగు నిజమేనమ్మా. కానీ శుక్రవారమే ఎందుకు వచ్చింది? సిలువ ముందే ఎందుకు పొంగింది?"

జక్కయ్య అన్నయ్య శుక్రవారం పంపాడు కాబట్టి అన్నాను.

"వాడి చేత పంపించింది ఎవరు?" అన్నారు.

ప్రాణం దక్కింది, పెళ్ళి దక్కలేదు. ఇంక నీ వంతు.

తెరేస

హార్మోణియం కూడా చూపించాను. బావగారికి నచ్చింది. దాని సొమ్ము ఎవరు కడతారో ఆలోచించు.


హనుమాన్ జంక్షన్,
16-4-74

ప్రియమైన చెల్లెలికి పాస్కు పండుగ శుభాకాంక్షలు.

గెలిచాం. వచ్చే ఆదివారం మొదటి ప్రకటన.

వరసగా చెప్తాను. ఐదో తారీకు శుక్రవారం కాలవలో పట్టిన కొరమీనును నేనే దగ్గరుండి కొనిపించాను. శౌరమ్మ వండనంది. "మళ్ళీ నా మీదికి తేకండి జక్కయ్యగారూ" అంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. అర్ధరూపాయి దద్దురు దగ్గర చదవడం ఆపమంది, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, లేచి మసాలా నూరింది. ఆ పులుసు బావ తిన్నాడు. జీవరత్నమ్మతో సహా ఊరంతా సిలువమార్గానికి వచ్చి, సిలువ వైపు కాదు, బావ చెవుల వైపు చూస్తూ మోకరించారు. పద్నాలుగు స్థలాలూ అయిపోయాయి. చెవులు చెవుల్లాగే ఉన్నాయి. జీవరత్నమ్మ నిరాశతో ఇంటికి వెళ్ళింది.

అయినా మన బావ కదలడే. "శౌరమ్మ చేతిలో దోషం లేదు, ఒప్పుకుంటాను. కానీ మార్త మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు జక్కా" అంటాడు. పండుగ పూజ అయ్యాక గుమ్మంలో అక్క చెప్పులు తుడుస్తూ కూర్చున్నాడు. ఇంక దాచి లాభం లేదని, రెండేళ్ళుగా నా దగ్గర ఉన్న మాట చెప్పేశాను.

నీకూ చెప్పలేదు, క్షమించు. అక్క మీ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజున నేను వచ్చాను గుర్తుందా? నువ్వు మందు కోసం కిందికి వెళ్ళావు. అప్పుడు అక్క నన్ను దగ్గరికి రమ్మంది. "ఒరే జక్కా, గేదె సంగతి వదిలేశాన్రా. మీ బావ ఒంటిగాడైపోతాడు. ఉప్పు వేశాడో లేదో కూడా తెలియకుండా తినే మనిషి. మంచి మనిషిని చూసి కట్టబెట్టు. ఆ కుట్టు టీచరు శౌరమ్మ నెమ్మదస్తురాలు" అంది.

బావ చెప్పులు కింద పెట్టాడు. "శౌరమ్మ పేరు చెప్పిందా?" అన్నాడు. చెప్పిందన్నాను. "ఉప్పు సంగతి కూడా అందా?" అన్నాడు. అందన్నాను. అప్పుడు నమ్మాడు తెరేసా. ఆ ఉప్పు మాట దగ్గర నమ్మాడు. చాలాసేపు ఏడ్చి, లేచి ముఖం కడుక్కుని, ఫాదరుగారి దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే పరుగు. నా చొక్కా నిండా చెమట, కాళ్ళు భూమి మీద ఆనడం లేదు.

ఈ దెబ్బతో నా మొదటి ఉత్తరంలోని ప్రమాణం రద్దు. దురదగొండి మీద నా హక్కులు నాకే.

నీ అన్న
జక్కయ్య


భవానీపురం,
23-4-74

అన్నయ్యా,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో చదివి, తలుపేసుకుని ఏడ్చాను. అక్క గేదె సంగతి వదిలేసిందన్న మాట దగ్గర మరీ. సాంబమూర్తిగారు బావగారి పెళ్ళికి వస్తారట, వంటశాల వైపు మాత్రం రారట. శౌరమ్మకు ఒక జరీ చీర తీశాను. పామర్రు నుంచి వచ్చినవాళ్ళను అడిగితే, ప్రకటన చదివినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదట, జీవరత్నమ్మ దగ్గిందట, అంతే.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చివరి వారమంతా అక్క పక్కన ఉన్నదాన్ని నేను. చివరి రోజు మందు కోసం కిందికి వెళ్ళిన మాట నిజమే. కానీ అంతకుముందు రోజు నుంచే అక్కకు మాట పడిపోయింది. అప్పుడు నాలుక మీద నీళ్ళ చుక్క వేస్తున్నది నేనే. నీతో ఎప్పుడు మాట్లాడింది?

తెరేస


హనుమాన్ జంక్షన్,
27-4-74

తెరేసా,

రేపు రెండో ప్రకటన. ఇక్కడ హడావుడి అంతా ఇంతా కాదు. పాండురంగయ్యగారు పెళ్ళికొడుక్కి నేత పంచెలచాపు ఇచ్చారు. శౌరమ్మ కుట్టు మిషను మీద గుడ్డ తీసేసి తన పెళ్ళి రవికె తానే కుట్టుకుంటోంది. నిన్న వెళితే నాకు కొరమీను పులుసు పోసి, "మీరు నోరు తెరిస్తే అబద్ధం గానీ, మనిషి మంచివారండీ" అంది. బావ అక్క చెప్పులను తీసి, కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టాడు. పారేయలేదు. పారేయమని శౌరమ్మా అనలేదు.

నర్సుతో వచ్చిన చిక్కే ఇది, ఎవరికి ఎప్పుడు మాట పడిపోయిందో గుర్తు పెట్టుకుంటుంది. సరే విను. నువ్వు కిందికి వెళ్ళాక నేను మంచం దగ్గరికి వెళ్ళిన మాట నిజం. "అక్కా, గేదె సంగతి..." అని మొదలుపెట్టిన మాట నిజం. అక్క కళ్ళు తెరిచి నన్ను చూసింది. చూసి, ముఖం గోడ వైపు తిప్పుకుంది.

అంతే. ఉప్పు సంగతి, శౌరమ్మ పేరు, గేదెను వదిలేయడం, అవన్నీ పండుగ పూజలో వెనక వరసలో కూర్చుని నేను కల్పించినవి. బావకు చెప్పకు.